దేవళములకు కిటికీలు ఏల తక్కువ?

వేసవి మధ్యాహ్నమున మార్కాపురము లక్ష్మీచెన్నకేశవస్వామివారి దర్శనమునకు పోవు యాత్రికుని ఊహింపుడు. వీథిలో కన్ను తెరువరాని యెండ. గోపురము దాటి, మండపము దాటి లోపలి నీడలోనికి అడుగు పెట్టగానే కన్నులకు చీకట్లు క్రమ్మును. క్షణకాలము ఎదుట నున్నది స్తంభమో మనుష్యుడో తెలియదు. మరికొంత ముందునకు పోయిన పిమ్మట దీపపు వెలుగు, ఆ వెలుగులో స్వామి ముఖము కానవచ్చును. వెంట వచ్చిన పిల్లలు ఊరకుండరు. "ఇంత రాయి మోసి ఇంత గుడి కట్టినవారు రెండు కిటికీలు పెట్టలేకపోయినారా?" అని అడుగుదురు. "గుడి అన్న తరువాత అంతే" అని పెద్దలు త్రోసివేయుదురు. పిల్లల ప్రశ్న న్యాయమైనది. దానికి తగిన సమాధానమును రాతిలోను, ఎండలోను, దీపములోను, తుదకు మనుష్యులలోను వెదకవలసి యున్నది.

ముందుగా ఈ సీమను గూర్చి ఒక్క మాట. నేడు పశ్చిమ ప్రకాశమని వాడుకలో నున్న మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతములు 1970వ సంవత్సరము వరకు కర్నూలు జిల్లాలోనివి. నల్లమలకు తూర్పు వాలున ఉన్న ఈ నేలలో వాన తక్కువ, రాయి ఎక్కువ. ఇచ్చటి రాతిపొరలకు భూగర్భ శాస్త్రజ్ఞులు కంభము పేరే పెట్టినారు. ఆ పొరలలోని నల్లరాయి రేకులు రేకులుగా విచ్చుకొనును. తెలుగుదేశమున తరతరముల పిల్లలు ఓనమాలు దిద్దిన మార్కాపురపు పలక అదియే.

ఈ సీమలోని పాత మిద్దె యిండ్లను చూచినవారికి గుడిలోని చీకటి అంత వింతగా తోపదు. మందమైన రాతిగోడలు, మట్టి కప్పు, వీథివైపు ఒక వాకిలి, గోడకు ఉన్నదా లేదా అన్నట్లు ఒక చిన్న సందు. వెలుతురు కొరకు కప్పులోనే ఒక రంధ్రము విడుతురు. దానిని రాయలసీమ వైపు జనులు 'గవాచి' అందురు. సంస్కృతమున ఆవు కన్ను అను అర్థము గల 'గవాక్షము' పల్లెవాని నోట ఎంత చక్కగా ఒదిగినదో చూడుడు. వాన వచ్చినప్పుడు దానిపై ఒక బండను మూయుదురు. అద్దపు తలుపులు ఎరుగని కాలమున కిటికీ యనగా వట్టి కన్నము. దాని గుండా వెలుతురు ఒక్కటే రాదు. వడగాలి, దుమ్ము, జల్లు, గబ్బిలము, దొంగ, అన్నియు వచ్చును. అద్దమును, విద్యుద్దీపమును చూచిన కళ్ళతో మనము ఆ యిండ్లను, ఆ గుడులను చీకటి కొట్టములని నిందించుట తేలిక. ఎండలు నలువది డిగ్రీలు దాటు సీమలో మందమైన రాతిగోడ చేయు మేలు తక్కువది కాదు. పగటి వేడి ఆ గోడను దాటి లోపలికి చేరుటకు చాల గంటలు పట్టును. అది చేరునప్పటికి వెలుపల రాత్రి చల్లగాలి వీచుచుండును. కిటికీలు తెరచినచో ఆ మేలు పోవును.

ఇక రాతి సంగతి. రాయి బరువును మోయుటలో మొనగాడు, వంగుటలో మాత్రము దుర్బలుడు. నొక్కిన యెడల ఎంతో భారమునకు ఓర్చును. లాగిన యెడల అందులో పదవ వంతునకైనను ఓర్చుట కష్టము. ద్వారము మీదనో కిటికీ మీదనో అడ్డముగా పెట్టిన రాతిదూలమునకు పైముఖము నొక్కుడు పడును, అడుగు ముఖము సాగదీయబడును. పగులు ఆ అడుగు ముఖముననే పుట్టును. మందము మార్చక దూలము పొడవును రెట్టింపు చేసినచో, తన బరువు చేతనే అది అనుభవించు బాధ నాలుగింతలగును. కనుకనే మన పాత గుడులలో స్తంభములు దట్టముగా నిలిచి యుండును, వాకిండ్లు ఇరుకుగా నుండును. గర్భాలయము మీద శిఖరముండును. ఆ శిఖరపు బరువంతయు దిగువనున్న నాలుగు గోడలే మోయవలెను. అట్టి గోడలో కన్నము పెట్టుట యనగా మోయువాని మోకాలు తీసివేయుటయే. కమానుల విద్యతో కన్నముల మీది బరువును ప్రక్కలకు మళ్ళించుట ఈ దేశమున విరివిగా వ్యాపించినది పిమ్మట ముస్లిము ప్రభువుల కాలమున. మన శిల్పులు దూలమును, స్తంభమును నమ్ముకొన్నవారు.

ఇంతవరకు విన్నవారు "అయితే చేతకాక పెట్టలేదన్నమాట" అని అనుకొనవచ్చును. అది పొరపాటు. బాదామి చాళుక్యుల కాలమున, అనగా ఏడు, ఎనిమిది శతాబ్దములలో వెలసిన అలంపురము నవబ్రహ్మాలయములను చూడుడు. గర్భాలయము చుట్టును ప్రదక్షిణ మార్గము, దాని వెలుపలి గోడలో రాతితోనే మలచిన జాలకములు కలవు. ఆ జల్లెడ వంటి రాతి కిటికీల గుండా వచ్చు వెలుతురు ప్రదక్షిణము చేయువాని అడుగులకు దారి చూపును. అదే వంశమువారి పట్టదకల్లు విరూపాక్షాలయమున జనులు చేరు మండపపు గోడలకు రకరకముల జాలకములు కలవు. బేలూరిలో వెలసిన దేవుడు మన మార్కాపురపు దేవుని పేరివాడే, చెన్నకేశవుడే. అచ్చటి మండపము మొదట నాలుగు వైపుల తెరపిగా నుండెను. కొన్ని తరముల తరువాత హొయసల రెండవ బల్లాలుని కాలమున దానికి రాతి జాలకములు అమర్చిరి. కావున కిటికీ మన శిల్పులకు తెలియనిది కాదు. నడచుచోట పెట్టిరి, కూర్చుండుచోట పెట్టిరి. దేవుడున్న గది యొద్దకు వచ్చుసరికి ఉలిని ఆపిరి. అది అశక్తత కాదు, నిర్ణయము.

గిద్దలూరికి చేరువనున్న సత్యవోలులోను చాళుక్యుల నాటి శివాలయములు కలవు. అలంపురమునకు తీసికట్టు కాని శిల్పము అది. అంతగా ప్రసిద్ధి లేకపోవుట మన దోషమే గాని ఆ రాళ్ళది కాదు. అట్టి శిఖరముల ముఖమున గుఱ్ఱపు లాడమువలె వంపు తిరిగిన కమాను ఆకృతి చెక్కియుండును. శిల్పశాస్త్రము దానిని గవాక్షమనియు, కూడు అనియు చెప్పును. చూచుటకు కిటికీయే, కాని దాని గుండా గాలి పోదు, వెలుతురు రాదు. లోపల దేవతా ముఖమో, పువ్వో, వట్టి రాయియో ఉండును. కిటికీ కాని ఈ కిటికీకి గొప్ప చరిత్ర కలదు.

ఆ చరిత్ర బౌద్ధులతో మొదలగును. గుండ్లకమ్మ ఒడ్డున, దొనకొండకు సమీపమున చందవరములో బయల్పడిన మహాస్తూపము ఈ సీమకు గర్వకారణము. స్తూపమనగా లోపల గది లేని కట్టడము. దానికి కిటికీ ప్రసక్తియే లేదు. భక్తులు వెలుపల చేరి, వెలుపలనే ప్రదక్షిణము చేయుదురు. కాని భిక్షువులు ఒకచోట చేరి వందనము చేయుటకు చైత్యగృహము కావలసివచ్చెను. అది నిజముగా సమావేశ మందిరము. కామవరపుకోట దగ్గరి గుంటుపల్లిలో కొండను తొలిచిన గుండ్రని చైత్యము, మహారాష్ట్రమున కార్లెలోని మహాచైత్యము చూచినవారికి ఈ సంగతి తెలియును. ఆ గుహల ముఖమున ద్వారము మీద వెదురు వంచినట్లున్న పెద్ద కమాను కలదు. కార్లెలో దాని గుండా వచ్చు సూర్యకాంతి స్తంభముల నడుమ సాగి, కొనలోని స్తూపము మీద పడును. సభ యంతయు నీడలో, పూజావస్తువు ఒక్కటి వెలుగులో. ఒకే ఒక కిటికీతో సాధించిన ప్రభావమది.

పల్నాటి చేజెర్ల కపోతేశ్వరాలయము కూడ ఇట్టి గజపృష్ఠాకారపు ఇటుక కట్టడమే. చైత్యగృహపు పోలిక అందు స్పష్టముగా కనబడును. కాలక్రమమున కొలువు మారినది. సంఘము కూర్చుండు దీర్ఘశాల పోయి దేవుడుండు చిన్నగది వచ్చినది. గదికి వెలుతురు అక్కరలేకపోయినది. కాని ఆ కమాను అందమును విడుచుటకు శిల్పికి మనసొప్పలేదు. దానిని మూసి శిఖరమునకు ఆభరణముగా తొడిగెను. మన గుడుల మీద వందలాదిగా కానవచ్చు కూడులన్నియు ఒకనాటి నిజమైన కిటికీకి జ్ఞాపకములు.

గుహాలయములను గూర్చి వేరుగ చెప్పవలెను. చంద్రశేఖరపురము మండలమున అంబవరము కొత్తపల్లికి చేరువగా, కొండల నడుమ భైరవకోన కలదు. అచ్చట జలపాతము ప్రక్కన కొండను తొలిచి ఎనిమిది శివాలయములు మలచిరి. ఏడు తూర్పును, ఒకటి ఉత్తరమును చూచుచున్నవి. పల్లవుల పద్ధతి ఛాయలు వానిలో కనుపించును. కొండను తొలిచిన గదికి వెనుక గోడ లేదు, ప్రక్క గోడ లేదు, ఉన్నదంతయు కొండయే. వెలుతురు రావలెనన్న ముందు వైపున మాత్రమే రావలెను. అచ్చటి త్రిముఖ దుర్గ మీద కార్తీక పూర్ణిమనాడు చంద్రకిరణములు పడునని ప్రతీతి. దానిని చూచుటకు జనులు కోనకు చేరుదురు. నాలుగు వైపుల కిటికీలున్నచో ఆ వెన్నెల రేకును ఎవడు గుర్తించును? శ్రీకాకుళము వైపు అరసవల్లిలోను మార్చి, అక్టోబరు నెలలలో కొన్ని దినములు ఉదయభానుని కిరణములు మూలమూర్తి పాదములను సోకును. నల్లగొండ దగ్గరి పానగల్లు ఛాయాసోమేశ్వరమున లింగము వెనుక పగలంతయు తొలగని నీడ నిలుచును. అచ్చట ఎదుటి స్తంభముల సందులనుండి చెదరి వచ్చు వెలుతురే ఆ నీడను నిలుపుచున్నది. చీకటిని పెంచి, వెలుతురును కొలిచి పోసిన విద్య యిది. ఔషధమును తులముల లెక్కన ఇచ్చు వైద్యుని పని వంటిది.

ఇప్పుడు దీపము సంగతికి వత్తము. త్రిపురాంతకము కొండ మీది ఆలయము శాసనములకు గని. కాకతీయుల నాటివి, వారి సామంతులవి అక్కడ అనేకము కలవు. కాయస్థ అంబదేవుడు తన విజయములను చాటిన 1290వ సంవత్సరపు శాసనము కూడ అచ్చటిదే. రాజుల యుద్ధములను చదువుటకు చరిత్రకారులు ఆ రాళ్ళ యొద్దకు పోవుదురు. నాకు మాత్రము మన గుడుల గోడలపై మరల మరల కానవచ్చు వేరొక దానముపై ఆసక్తి ఎక్కువ. అది అఖండదీపమునకు ఇచ్చిన దానము. ఒక దీపము రాత్రింబవళ్ళు ఆరక వెలుగుటకు ఇరువదియైదు ఆవులో, ఏబది గొఱ్ఱెలో ఇత్తురు. వానిని ఒక బోయ చేతికి అప్పగింతురు. అతడు మందను కాచుకొని, దినమునకు ఇంత నేయి అని గుడికి తెచ్చి పోయవలెను. అతని తరువాత అతని కొడుకులు పోయవలెను. ఒక దీపము వెనుక ఒక మంద, మంద వెనుక ఒక కుటుంబము, దాని వెనుక సూర్యచంద్రులున్నంత వరకను మాట. గర్భాలయమునకు కిటికీలుండిన యెడల ఈ యేర్పాటుకు అర్థమేమి? పట్టపగలు ఎండలో పెట్టిన దీపమునకు ఏబది గొఱ్ఱెలిచ్చు వెఱ్ఱివాడెవడు?

కంటి స్వభావమును కూడ వారు ఎరుగుదురని నాకు తోచును. ఎండనుండి చీకటికి వచ్చిన కంటికి చూపు కొంత కుదురుటకు కొన్ని నిమిషములు పట్టును, పూర్తిగా కుదురుటకు అరగంట దాక పట్టునని శాస్త్రజ్ఞులందురు. గోపురపు నీడ, తెరపి మండపము, మూసిన మండపము, అంతరాళము, పిమ్మట గర్భాలయము. ఒక్కొక్క అడుగునకు ఒక్కొక్క పాలు వెలుతురు తగ్గుచు పోవును. ప్రదక్షిణములు ముగించి, తీర్థపు వరుసలో నిలిచి, గడప యొద్దకు చేరునప్పటికి కన్ను సిద్ధమై యుండును. కర్పూరహారతి ఎత్తిన క్షణమున నల్లరాతి మూర్తి కన్నులు, పెదవులు, శంఖచక్రములు ఒక్కసారిగా ప్రాణము పోసికొనినట్లు అగపడును. ఈనాడు చాల గుడులలో పెట్టిన తెల్లని గొట్టపు దీపముల క్రింద అదే మూర్తిని చూచినవారికి ఆ భేదము తెలియును.

గాలి మాట అడుగుదురు. ద్వారము గాక గర్భాలయమునకు సామాన్యముగా మరియొక కన్నము మాత్రము ఉండును. అభిషేక జలము ఉత్తరపు గోడ గుండా వెలుపలికి పోవుటకు పెట్టిన ప్రణాళము అది. శివాలయములలో సోమసూత్రమని దాటకుండ వెనుదిరుగుదుము గదా, ఆ తావే. దీపపు వేడికి లోపలి గాలి పైకి లేచి వాకిటి పై భాగమున వెలుపలికి పోవును. క్రింది భాగమున, ప్రణాళము గుండాను చల్లని గాలి లోపలికి వచ్చును. ఒక అర్చకునికి, ఒక దీపమునకు అది చాలును. నూరుగురికి చాలదు. నూరుగురు లోపల కూర్చుండుట ఆ గది కట్టినవారి ఉద్దేశమే కాదు.

శ్రోతలారా, అసలు విషయమిది. మన దేవళము ఇరుగు పొరుగు కూడి కూర్చుండు సభాగృహమని మనము అనుకొందుము. సభ యెప్పుడును గర్భగృహపు వెలుపలనే జరిగినది. పురాణ శ్రవణము గోడలు లేని మండపమున. కల్యాణము కల్యాణమండపమున. ఊరంతయు కూడవలసి వచ్చినప్పుడు జనులు లోపలికి పోరు, దేవుడే వెలుపలికి వచ్చును. ఉత్సవమూర్తి అనుట అందులకే. రథము మీద ఎండలో, ధూళిలో, వేలాది కన్నుల యెదుట ఆయన ఊరేగును. మూలవిరాట్టు చీకటిలో, ఉత్సవమూర్తి వెలుతురులో.

అయితే ఇందులో మనము దాచరాని చేదు సంగతి ఒకటి కలదు. ఒకే వాకిలి గల గదికి కాపలా తేలిక. నగలకు కాపలా తేలిక యైనట్లే, ఎవరు లోపలికి రావలెను, ఎవరు రాకూడదు అనుటకును కాపలా తేలిక. ఉడుపి కృష్ణాలయమున కనకన కిండి అని ఒక చిన్న కిటికీ కలదు. లోనికి రానీయని కనకదాసు గుడి వెనుక నిలిచి పాడగా, గోడ పగిలి, దేవుడు ఇటు తిరిగి దర్శనమిచ్చెనని ఐతిహ్యము. చరిత్ర దృష్టితో దాని నిజానిజములు ఎట్లున్నను, ఒక జాతి మనసులోని బాధ ఆ కథలో నిలిచియున్నది. మన గోడలు ఏ కనకదాసు కొరకును పగులలేదు. తరతరములు ఈ గుడుల రాళ్ళు మోసిన కూలీల సంతతి లోపలి దీపమును చూడక రథము నాడు దూరమునుండి మ్రొక్కి పోయినది. 1947లో మద్రాసు రాష్ట్రమున ఆలయ ప్రవేశ చట్టము వచ్చిన పిమ్మట గాని ఆ గడప శాసనరీత్యా వారికి తెరువబడలేదు. చట్టము వచ్చిన దినముననే అన్ని గడపలును దాటగలిగిరనుకొనుట అమాయకత్వము.

ఈ సీమలోనే పుట్టి, కంభము, మార్కాపురము ప్రాంతములను తడిపి సముద్రమునకు పోవు గుండ్లకమ్మ మరియొక చరిత్రకు సాక్షి. 1876 మొదలు 1878 వరకు సాగిన మహాక్షామము పిమ్మట, 1878 జూలై 3వ తేదీన ఒంగోలుకు ఉత్తరమున ఈ నది యొడ్డున ఒక్కదినమున 2,222 మంది క్రైస్తవ బాప్తిస్మము పొందిరి. అమెరికన్ బాప్టిస్టు మిషనుకు చెందిన జాన్ క్లౌ నడపిన కార్యమది. ఆ జనులలో అత్యధికులు గుడి గడప దాట నోచని మాదిగ కులమువారు. వారి తొలి ప్రార్థనలు చెట్ల క్రిందను, పూరిపాకలలోను జరిగెను. పిమ్మట కట్టిన దేవాలయములకు వరుసగా కిటికీలు పెట్టిరి. అది విదేశపు అలవాటు మాత్రమే కాదు. అచ్చట జనులు లోపలనే కూర్చుండవలెను, గంటల తరబడి వినవలెను, పుస్తకము చదువవలెను, పాటల పుస్తకములోని అక్షరము కనబడవలెను. అక్షరము నేర్చుకొనుటకు అప్పటి దాక తావు దొరకనివారికి కిటికీ వెలుతురు అలంకారము కాదు, అవసరము. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠితమైన మెదక్ మహాదేవాలయమున ఆ కిటికీయే ధర్మబోధ చేయును. క్రీస్తు జననము, సిలువ, ఆరోహణము రంగు అద్దములలో నిలిచి, పగటి వెలుతురున మాత్రమే కనబడును. చీకటి పడిన పిమ్మట ఆ బొమ్మలు లోపలివారికి కానరావు. మన గుడిలో దీపము చేయు పనిని అచ్చట సూర్యుడు చేయుచున్నాడు.

మసీదుల తీరు వేరు. తెలుగుదేశమునకు మక్కా పడమటి దిక్కున నున్నది గనుక పడమటి గోడ మూసియుండును. అందరి ముఖములును ఆ గోడ వైపే. తూర్పున కమానులు తెరచి ముంగిలితో కలియును. వెనుకనుండి వెలుతురు, గాలి సమృద్ధిగా వచ్చును, ఎదుట చూపును చెదరగొట్టునదేదియు ఉండదు. హిందువులు, ముస్లిములు కలిసి మ్రొక్కు మన పల్లెటూళ్ళ పీర్ల చావిడి మాత్రము మరల గుడి పోలికయే. చాల వరకు ఒక గది, ఒక తలుపు. ఏడాది యంతయు మూసియుండి, మొహర్రము దినములలో తెరువబడును. పీర్లను మోసికొని వెలుపలికి వచ్చినప్పుడే జనుల పండుగ. లోపల దాచి వెలుపలికి తెచ్చు పద్ధతి మతభేదము లేక ఈ నేలకు నచ్చినట్లున్నది.

ఇన్ని చెప్పుటకు కారణము కేవలము పిల్లల ప్రశ్న కాదు. ఈ మధ్య ఊరూర జీర్ణోద్ధరణములు జరుగుచున్నవి. భక్తి మంచిదే, ధనము సమకూరుటయు మంచిదే. కాని ధర్మకర్తలకు మొదట కలుగు కోరిక "లోపల వెలుతురు లేదు, ఒక కిటికీ కొట్టింతము, పొగ పోవుటకు ఒక పంకా పెట్టింతము" అని. గోడ మందముగా నున్నది గదా ఏమగునని అనుకొందురు. పాత రాతిగోడలలో పెక్కింటికి లోపల ఒక వరుస, వెలుపల ఒక వరుస చెక్కిన రాళ్ళు, నడుమ రాతిముక్కల పూరింపు ఉండును. వెలుపలి వరుసలో ఒక రాయిని ఊడబెరికినచో నడుమ పూరింపు జారుట మొదలగును. పగులు ఆ దినమున కానరాదు. నాలుగు వానలు కురిసిన పిమ్మట శిఖరపు మొదట కానవచ్చును. అప్పటికి కొట్టినవాడు ఉండడు, కొట్టించినవాడు ఉండడు. నున్నని గచ్చుపలకలు, నూనె రంగులు పూసి రాతి ఊపిరిని మూయుట మరియొక అపచారము. లోపలి తేమ పోవుదారి లేక రాయి పొలుసులు రాలును, పొలుసుతో పాటు శాసనములోని అక్షరమును రాలును. సత్యవోలు వంటి చోట్ల పదమూడు శతాబ్దములు నిలిచిన గోడకు మన తరపు సుత్తి దెబ్బ మొదటిది కాకూడదు. పొగకు మందు కిటికీ కాదు. కర్పూరము తగ్గించి, నూనెకు బదులు మంచి నేయి వాడి, వాకిటికి ఎదుట అడ్డుపెట్టిన ఇనుప పెట్టెలను, పందిళ్ళను తీసివేసిన యెడల గాలి తన దారిని తాను వెదకుకొనును.

దీనికి ఎదురు ప్రమాదము కూడ కలదు. క్రొత్తగా కట్టు ప్రార్థనా మందిరములు, భజన మందిరములు, ధ్యానశాలలు పాత గుడి చీకటిని అనుకరించుట చూచుచున్నాము. దొంగల భయమనియు, వీథి చప్పుడనియు, చల్లని యంత్రమునకు మూసిన గది కావలెననియు కారణములు చెప్పుదురు. ఒక దీపము కొరకు కట్టిన గది పద్ధతిని అయిదువందల మంది కూర్చుండు శాలకు తెచ్చుట తగదు. మూసిన గదిలో గాలి మారనిచో జబ్బు ఎంత వేగముగా ప్రాకునో 2020, 2021 సంవత్సరములలో కోవిడ్ మనకు నేర్పినది. 2025 నవంబరు 1వ తేదీన శ్రీకాకుళము జిల్లా కాశీబుగ్గ వేంకటేశ్వరాలయమున ఏకాదశి రద్దీలో తొక్కిసలాట జరిగి భక్తులు ప్రాణములు కోల్పోయిరి. రాకకును పోకకును ఒకే త్రోవ ఉండుట అందలి విషాదము. పాత గుడికి ఒకే వాకిలి గలదన్నచో, దానికి విశాలమైన ప్రాకారము, తెరపి మండపములు కూడ కలవు. మొదటి దానిని అనుకరించి రెండవ దానిని మరచుట నేటి కట్టడములలో చూచుచున్న దోషము.

కావున మీ యూరిలో క్రొత్త మందిరమునకు పటము గీయు మేస్త్రిని రెండు మాటలు అడుగుడు. ఇచ్చట ఎందరు కూర్చుందురు? తొందర వచ్చినప్పుడు వారు ఎన్ని వైపులకు పోగలరు? పాత గుడికి సుత్తి ఎత్తు మేస్త్రిని మాత్రము ఒక్క మాట అడిగిన చాలును. ఈ రాయి మీద ఏమి ఆని యున్నదో నీవు చూచితివా?